నాలుగో టేబుల్‌కి నకలు అర్జీ

నిలబడి అడుగుతారేంటి, కూర్చోండి, టీ తాగుతూ చెప్తా. ఇప్పటికే మన స్టాఫ్ రూములో ఈ కథ మూడు రకాలుగా తిరుగుతోంది. ఒకరేమో నేను కోయంబత్తూరు ప్రొఫెసర్ మీద కేసు వేశానంటున్నారు. ఇంకొకరు ఆయనే నా మీద వేశాడంటున్నారు. మూడోవాళ్ళు మా ఇద్దరికీ రాజీ కూడా కుదిర్చేశారు. అసలు జరిగింది ఈ మూడింటికన్నా సిగ్గుచేటు. నేను చేసిందల్లా, డబ్బు కట్టకుండా ఒక్క జర్నల్ పేపర్ సంపాదించాలనుకోవడం. సంపాదించాను కూడా. ఆ తర్వాత ఏమైందో వినండి.

నా పీహెచ్‌డీ సంగతి మీకు తెలిసిందేగా. ఆరో ఏడు నడుస్తోంది. మన మాచర్ల వైపు నాపరాళ్ళు కోస్తారు కదా, కోసేటప్పుడు బురద వస్తుంది, అది ఎండితే పొడి. ఆ పొడిని సిమెంటుకి బదులు కొంత కలిపితే కాంక్రీటు ఎంత గట్టిగా ఉంటుందన్నది నా టాపిక్. ఆరేళ్ళుగా ఆ కాంక్రీటుతో క్యూబులు పోస్తున్నా, నీళ్ళలో నానబెడుతున్నా, మెషీన్లో పెట్టి పగలగొడుతున్నా. "పగలగొట్టేదానికి పొయ్యటమెందుకమ్మా?" అని మా అత్తయ్య ఇప్పటికీ అడుగుతుంది.

మొత్తానికి థీసిస్ రాసి యూనివర్సిటీలో మా గైడుకి ఇచ్చాను. ఆయన మెత్తని మనిషి. గొంతు పెంచడు, తిట్టడు. ఎర్ర పెన్నుతో ఒక చిన్న గీత గీసి ఊరుకుంటాడు. మనకి నిద్ర పట్టదు. వారం తర్వాత ఫోన్ చేశాడు.

"పేజీ నలభై ఒకటి. 'మా ఫలితాలు కోయంబత్తూరు పేపర్లోని నాలుగో టేబుల్‌తో చక్కగా సరిపోలాయి' అని రాశావు. ఆ టేబుల్ ఒకసారి చూపించమ్మా."

ఆ టేబుల్ నేనూ చూడలేదు.

అట్లా చూడకండి. మీరు మాత్రం అన్నీ చదివే రాశారా? నెట్‌లో ఆ పేపర్ సారాంశం ఒక్కటే ఉచితం. మిగతాదానికి డబ్బు కట్టాలి. సారాంశం చివర 'క్యూబులు పోసిన ఇరవై ఎనిమిదో రోజు బలాలు నాలుగో టేబుల్‌లో ఇచ్చాము' అని ఉంది. నాకు ముందు పీహెచ్‌డీ చేసిన ఇద్దరి థీసిస్‌లు తిరగేస్తే, ఇద్దరూ తమ ఫలితాలు ఆ టేబుల్‌తో చక్కగా సరిపోలాయనే రాశారు. అందరివీ సరిపోతుంటే నావి మాత్రం ఎందుకు సరిపోవు అనుకుని నేనూ రాసేశాను. ఇంగ్లీషులో ఆ వాక్యం చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది.

"ఉంది సార్, ఇంట్లో ఉంది, తెస్తాను," అన్నాను.

"తీసుకురా. నెలాఖరుకి నీ రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది. నాలుగో టేబుల్ చూస్తే సంతకం పెడతాను. చూడకపోతే పెట్టను," అన్నాడు. ఆయన మెత్తగా అన్నాడు కాబట్టి అది ఇంక మారదు. నా ఆరేళ్ళ క్యూబులూ ఆ ఒక్క సంతకం మీద ఆగాయి.

డబ్బు కట్టి తెచ్చుకోవచ్చుగా అని మీరు అడుగుతారు. మా ఆయనా అదే అడిగాడు. నేను తోటకూర కట్ట కూడా బేరం చేయకుండా కొనను. చదువు పేరు చెప్పి ఇరవై పేజీలకు డాలర్లు అడిగితే నాకు ఒళ్ళు మండదా? రాసినాయనకి అందులో పైసా పోదట. అట్లాంటప్పుడు నేనెందుకు కట్టాలి? న్యాయం నా వైపుంది. గడువు మాత్రం నా వైపు లేదు.

ముందు మన లైబ్రరీకి వెళ్ళాను. ఇ-లైబ్రరీ అని పెద్ద బోర్డుంది, దాని కింద రెండు కంప్యూటర్లున్నాయి. పాస్‌వర్డ్ అడిగితే లైబ్రేరియన్ గారు అది పాత ప్రిన్సిపాల్ గారి దగ్గరుందన్నారు. పాత ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేస్తే అది లైబ్రేరియన్ గారి దగ్గరే ఉందన్నారు. హైదరాబాదులో పెద్ద ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే నా ఎంటెక్ ఫ్రెండుని అడిగాను. వెంటనే బొటనవేలు బొమ్మ పెట్టింది. నాలుగు రోజులకు మళ్ళీ గుర్తుచేస్తే మళ్ళీ బొటనవేలే. మన ల్యాబ్ కుర్రాడొకడు దొంగ సైట్లున్నాయి మేడం అన్నాడు గానీ, మా ఇల్లు కోర్టు ఇల్లు, దొంగ సరుకు గుమ్మం దాటితే మా మామగారు ఊరుకోరు. ఇంక మిగిలింది ఒక్కటే దారి. వెబ్‌సైట్‌లో 'రచయితను అడగండి' అని ఒక బటన్ ఉంది. నొక్కాను. రెండు రోజులాగి మళ్ళీ నొక్కాను. ఇంకో రెండు రోజులకి మూడోసారి నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మొహం వేలాడేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నా. మావయ్య చూశారు.

మా మామగారి గురించి మీకు కొంచెం చెప్పాలి. నరసరావుపేట కోర్టులో ప్లీడరు గుమాస్తాగా నలభై ఏళ్ళు చేశారు. రిటైరై రెండేళ్ళయింది గానీ అది పేరుకే. మా ఇంట్లో కరెంటు బిల్లులు కూడా సంవత్సరాలవారీ కట్టలు కట్టి, పైన నంబర్లు వేసి ఉంటాయి. ఎదురింటివాళ్ళ కొబ్బరి మట్టలు మా గోడ మీద పడుతున్నాయని ఒకసారి నోటీసు పంపారు. వాళ్ళూ నోటీసుతోనే జవాబిచ్చారు. రెండిళ్ళకీ మధ్య సందు పట్టున పది అడుగులుండదు, ఉత్తరాలు మాత్రం పోస్టాఫీసు మీదుగా నడిచాయి. ఆ ఏడాదంతా అత్తయ్య వాళ్ళింటి నుంచే పెరుగు తోడు తెచ్చింది. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. మావయ్య లెక్కలో నోటీసంటే తగాదా కాదు, పలకరింపు.

"ఏందమ్మాయ్, అట్టా ఉన్నావ్?" అన్నారు.

చెప్పాను. పేపర్ సంగతి, గైడు సంగతి, బటన్ సంగతి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"అంటే రికార్డు ఆయన కాడ ఉంది. మనకి నకలు కావాల. అంతేగా?"

"అంతే మావయ్యా."

"అర్జీ పెట్టినావా?"

"బటన్ నొక్కాను. మూడుసార్లు."

"బటను నొక్కితే కాలింగ్ బెల్లు మోగుద్ది. నకలు రాదు. కాయితం పంపాల. నోటి మాటకి పలకనోడు కాయితానికి పలుకుతాడు. నలభై ఏళ్ళలో నేను చూసింది ఇదేనమ్మాయ్. ఆయన అడ్రసు ఉందా?"

ఉంది. సారాంశం కింద ఆయన పేరు, పక్కన కాలేజీ, కోయంబత్తూరు, పిన్‌కోడుతో సహా. మావయ్య దాన్ని తన చిన్న పుస్తకంలో రాసుకున్నారు. రెండేళ్ళ తర్వాత చేతికి పని దొరికినందుకు ఆయన మొహం ఎట్లా వెలిగిందో మీరు చూడాల్సింది. అత్తయ్య వంటింట్లోంచి, "పిల్ల చదువు కూడా కోర్టుకెక్కిస్తావా ఏందయ్యా?" అంది.

"ఏమే, నకలుకి అర్జీ పెడితే కోర్టుకెక్కినట్టా?" అన్నారు మావయ్య.

నాకూ అదే సమంజసంగా అనిపించింది. మర్యాదగా ఒక ఉత్తరం రాస్తారు, పెద్దాయన కదా, ఆ రాతలో గౌరవం ఉంటుంది అనుకున్నాను.

మర్నాడు పొద్దున కాలేజీ బస్సు సందు చివర హారన్ కొడుతోంది. నా ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో హెల్మెట్. సైట్ విజిట్ ఉంది ఆ రోజు. మావయ్య ఫైలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "అమ్మాయ్, ఇక్కడో సంతకం, ఇక్కడో సంతకం. ఇక్కడ ఫోన్ నంబరు." పైన కోయంబత్తూరు అడ్రసు కనబడింది. కింద ఇంగ్లీషులో 'సర్' అని కనబడింది. అంత గౌరవం చాలనుకుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని సంతకాలు పెట్టి బస్సెక్కాను. ఆయన అటు నుంచి అటే తన పాత ప్లీడరుగారి కొడుకు దగ్గరికి వెళ్ళారట. ఆ చిన్న ప్లీడరుగారికి వృత్తి నేర్పిందే మావయ్య. మావయ్య ఎదురుగా పెట్టిన కాగితం మీద సంతకం పెట్టడమే తప్ప చదవడం ఆయనకి అలవాటు లేదు.

వారం దాటింది. ఒకరోజు మధ్యాహ్నం థర్డ్ ఇయర్ క్లాసు అయిపోయి బయటికొస్తుంటే తెలియని నంబరు నుంచి ఫోన్. ఎవరో పెద్దాయన, ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు.

"మిసెస్ మాధవి గారేనా? ఒక లీగల్ విషయం గురించి మాట్లాడాలండీ."

మీకు తెలుసుగా, ఈ మధ్య పేపర్ల నిండా ఇవే. పోలీసులమంటారు, పార్సిల్‌లో మత్తుమందు దొరికిందంటారు, ఫోన్‌లోనే అరెస్టు చేసి ఉన్నదంతా ఊడ్చేస్తారు. మొన్ననే మనవాళ్ళు కాలేజీలో దాని మీద అవగాహన సదస్సు పెడితే స్వాగతోపన్యాసం నాదే. నేను సిద్ధంగా ఉన్నా.

"ఈసారి పార్సిల్‌లో ఏం దొరికింది సార్? గంజాయా, దొంగ పాస్‌పోర్టులా?" అన్నాను.

"పార్సిల్ కాదు మేడం, నోటీసు. కోర్టుదాకా వద్దండీ. మనలో మనం సెటిల్ చేసుకుందాం."

చూశారా, సెటిల్‌మెంట్ దగ్గరికి ఎంత త్వరగా వచ్చాడో. నాకు ఊపొచ్చేసింది. కారిడార్‌లో పిల్లలు వింటున్నారు కూడా.

"చూడండి, ఇది నరసరావుపేట. కోర్టు పేరు చెబితే ఇక్కడ చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపరు. మా ఇంట్లో నలభై ఏళ్ళుగా కోర్టు పనే. మీ నంబరు నా దగ్గరుంది. ఇప్పుడే కంప్లైంట్ ఇస్తున్నా. మీ మీద, మీ వెనకున్న గ్యాంగు మొత్తం మీద. ఒక్కొక్కళ్ళనీ లోపలేయిస్తా."

ఆయన చిన్న గొంతుతో, "నా కో-ఆథర్లకి ఏమీ తెలియదు మేడం. వాళ్ళు అప్పుడు స్టూడెంట్లు," అన్నాడు.

కో-ఆథర్లు అన్న మాట విని కూడా నాకు వెలగలేదు. దొంగలు కూడా ఎంత చదువుకుంటున్నారో అనుకున్నాను. ఫోన్ కట్ చేస్తే పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను తల ఊపి, సైబర్ నేరాల గురించి అక్కడే నిలబడి ఓ పది నిమిషాలు చెప్పాను.

సాయంత్రం ఇంట్లో ఈ వీరగాథ మొదలుపెట్టాను. మావయ్య నడిమధ్యలో ఆపారు.

"ఏ ఊరి మనిషంటావ్?"

"అరవ యాస మావయ్యా."

"అయితే అందిందన్నమాట," అని లేచి లోపలికెళ్ళి ఫైలు తెచ్చారు. "కాయితం పలికిద్దని చెప్పలా? ఇదిగో ఆఫీసు కాపీ. చదువుకో."

అప్పుడు చదివాను. ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెప్తే ఇట్లా ఉంటుంది:

'అయ్యా, మా క్లయింటు శ్రీమతి మాధవిగారు గౌరవనీయ కుటుంబమునకు చెందినవారు. సదరు వ్యాసము తాలూకు నాలుగవ టేబులు తమరి స్వాధీనమందున్నది. సదరు టేబులును చూపవలసినదిగా మా క్లయింటు మూడు పర్యాయములు బటన్ నొక్కినను, తమరు దురుద్దేశముతో మౌనము వహించితిరి. ఈ నోటీసు అందిన ఏడు దినములలోగా సదరు టేబులును, అందుకు ఆధారమైన అసలు రికార్డులతో సహా హాజరుపరచవలెను. లేనియెడల, సదరు టేబులులోని అంకెలు ఎన్నడునూ ఉనికిలో లేవని భావించి, మా క్లయింటు తమరిపై సివిల్ మరియు క్రిమినల్ చర్యలు తీసుకొనగలరు. ఖర్చులకు తమరే బాధ్యులు.'

కింద చిన్న ప్లీడరుగారి సంతకం, పక్కన నాది. నాది చాలా స్పష్టంగా ఉంది.

"ఇదేంటి మావయ్యా, అర్జీ అన్నారుగా?" అన్నాను.

"అర్జీయే. కొంచెం గట్టిగా రాశా. 'ఉనికిలో లేవని భావించి' అనేది మామూలుగా రాసే మాటేనమ్మాయ్. పత్రం చూపించకపోతే లేనట్టే లెక్క. ఎన్ని దస్తావేజుల కేసుల్లో రాయలా?"

గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకుని కోయంబత్తూరు వెళ్ళొచ్చినట్టయింది. డెబ్బై ఏళ్ళ పెద్దాయన్ని గ్యాంగ్ అన్నాను. లోపలేయిస్తానన్నాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది. వెంటనే ఆ నంబరుకి ఫోన్ చేశాను, కాళ్ళమీద పడి క్షమాపణ చెప్పేద్దామని. రింగు మోగీ మోగకముందే ఎత్తాడు.

"సార్, చాలా పొరపాటైపోయింది..." అన్నాను.

"అవును మేడం. పొరపాటే. ఒప్పుకుంటున్నాను," అన్నాడాయన.

"మీది కాదు సార్, నేను చెప్పేది..."

"నన్ను చెప్పనివ్వండి. ఆ ఇరవై ఎనిమిదో రోజు అంకెలు ఉనికిలో లేవు. మీరు రాసింది నిజం."

నేను కుర్చీలో కూర్చున్నాను. మావయ్య స్పీకర్ పెట్టమని సైగ చేస్తున్నారు. నేను పెట్టలేదు.

ఆయన మొత్తం చెప్పేశాడు. పదకొండేళ్ళ కిందటి మాట. ఏడో రోజు పరీక్షలు చేశారు, అవి నిజమే. ఇరవై ఎనిమిదో రోజు వచ్చేసరికి క్యూబులు పగలగొట్టే మెషీన్ పాడైంది. పేపర్ పంపాల్సిన గడువు ముంచుకొచ్చింది. ఏడో రోజు అంకెల్ని బట్టి ఇరవై ఎనిమిదో రోజుకి ఎంత ఉండొచ్చో ఊహించి టేబుల్ నింపేశాడు. మెషీన్ బాగయ్యాక అసలు పరీక్షలు చేసి దిద్దుదామనుకున్నాడు. మెషీన్ బాగయ్యేలోపు ఆయనే రిటైరయ్యాడు. బటన్ నొక్కితే వెళ్ళేది ఆయన పాత కాలేజీ మెయిల్‌కట, దాన్ని తెరిచి ఏళ్ళయిందట. నోటీసు మాత్రం కాలేజీవాళ్ళు భద్రంగా ఇంటికి చేర్చారు.

"అరవై మందికి పైగా ఆ టేబుల్‌ని తమ పేపర్లలో పెట్టుకున్నారమ్మా," అన్నాడు. అప్పటికి మేడం పోయి అమ్మా అయింది. "అందరూ తమ ఫలితాలు దాంతో చక్కగా సరిపోయాయనే రాశారు. లేనివాటితో ఎట్లా సరిపోయాయో నాకు తెలియదు. ఎవరో ఒకరు పట్టుకుంటారని పదకొండేళ్ళు భయపడ్డాను. ఒక్కరూ అడగలేదు. నువ్వొక్కదానివే చదివావు. ఎట్లా కనిపెట్టావమ్మా?"

ఇప్పుడు మీరే చెప్పండి, నేనేమనాలి? అవతల మనిషి గొంతులో పదకొండేళ్ళ బరువు దిగుతోంది. 'మీ పేపర్ నేను చదవలేదండీ, మా మామగారు బెదిరించే ఫార్మాట్‌లో రాశారండీ' అనాలా? ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది.

"ఊరికే... కొంచెం అనుమానం వచ్చింది సార్," అన్నాను.

"అదీ రీసెర్చ్ అంటే," అన్నాడాయన. మా గైడు పేరు అడిగాడు, అభినందించాలట. తేలు కుట్టిన దొంగలా ఉండాల్సింది పోయి, పొగడ్తకి ఉబ్బి మెయిల్ ఐడీతో సహా చెప్పాను.

అరగంటలో పేపర్ వచ్చేసింది. ఇరవై పేజీలు, దాంతోపాటు ఆయన పాత ల్యాబ్ నోట్‌బుక్ ఫోటోలు. పైసా ఖర్చు లేదు. మావయ్య చేతులు వెనక్కి కట్టుకుని నా వెనకే నిలబడి, "అసలు రికార్డులతో సహా పంపాడు. మంచి మనిషి," అన్నారు. నేను నాలుగో టేబుల్ తెరిచాను. ఆయన ఊహలో, పొడి కలిపేకొద్దీ బలం పెరుగుతూ పోయింది. నా క్యూబుల్లో తగ్గుతూ పోయింది. ఒక్క అంకె కూడా సరిపోలలేదు. 'చక్కగా' సంగతి వదిలెయ్యండి, పక్కపక్కన పెడితే మొహమొహాలు చూసుకోవు.

ఇంకా వినండి. ఆయన జర్నల్‌కి ఉత్తరం రాసేశాడు, తన పేపర్ వెనక్కి తీసుకోమని. ఇట్లాంటివాటికి నెలలు పడతాయంటారు. అక్కడి ఎడిటర్ ఈయన శిష్యుడేనట, నాలుగు రోజుల్లో అయిపోయింది. ఇప్పుడు ఆ వెబ్‌సైట్ తెరిస్తే ప్రతి పేజీ మీదా అడ్డంగా ఎర్రటి అక్షరాలతో 'ఉపసంహరించబడింది' అని ఉంటుంది. ఇంకో విశేషం, ఇప్పుడు దాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. వెనక్కి తీసుకున్న పేపర్లకి వాళ్ళు డబ్బులడగరట. నిజం ఉన్నవాటికే రేటు.

గడువుకి ఇంకా ఆరు రోజులుందనగా గైడు రమ్మన్నాడు. ఎదురుగా నా థీసిస్, నలభై ఒకటో పేజీ తెరిచి ఉంది. పక్కన కోయంబత్తూరు నుంచి వచ్చిన మెయిల్ ప్రింటు. ఎర్ర పెన్ను మూత తీసే ఉంది.

"ఆయన నిన్ను బాగా మెచ్చుకున్నాడమ్మా," అన్నాడు. ఎప్పటిలాగే మెత్తగా. "ఇంత క్షుణ్ణంగా చదివిన పాఠకురాలిని తన జీవితంలో చూడలేదట. సంతోషం. నాకొక్క చిన్న సందేహం. ఆ అంకెలు ఊహించినవని కనిపెట్టింది నువ్వే. ఇక్కడ నీ ఫలితాలు వాటితో చక్కగా సరిపోలాయని రాసిందీ నువ్వే. నిజంగా సరిపోతే, నీవీ ఊహించినవే అయ్యుండాలి. సరిపోకపోతే, ఈ వాక్యం అబద్ధం. రెండిట్లో ఏది దిద్దమంటావు?"

మీలో ఎవరైనా ఆ కుర్చీలో కూర్చుంటే తెలిసేది. మొదటిది ఒప్పుకుంటే ఆరేళ్ళ క్యూబులు పోతాయి. రెండోది ఒప్పుకుంటే పరువు పోతుంది. క్యూబులు నేను నిజంగా పోశానండీ. ఎండల్లో, ఏడో నెల కడుపుతో కూడా నీళ్ళతొట్టి దగ్గర నిలబడి చూసుకున్నాను. వాటిని మాత్రం వదులుకోలేననిపించింది.

"వాక్యం అబద్ధం సార్," అన్నాను. "నేను ఆ పేపర్ చదవకుండానే రాశాను. నోటీసు కూడా చదవకుండానే సంతకం పెట్టాను. ఆయన తనంతట తానే ఒప్పుకున్నాడు. నేనేం కనిపెట్టలేదు."

గైడు పెన్ను కింద పెట్టాడు. కళ్ళజోడు తీశాడు. నా థీసిస్ దొంతర మీద చెయ్యి ఆన్చాడు.

"ఆరేళ్ళలో నువ్వు నాకు చెప్పిన ఫలితాల్లో, మళ్ళీ పరీక్ష చేయించకుండా నేను నమ్మింది ఇదొక్కటేనమ్మా," అన్నాడు.

థీసిస్ మీద సంతకం పెట్టలేదు. గడువు పొడిగింపు కాగితం మీద పెట్టాడు. మూడు నెలలు. ఇరవై ఎనిమిదో రోజు పరీక్షలు మొత్తం ఆయన కళ్ళెదుట మళ్ళీ చెయ్యాలి. సరిపోయినవి సరిపోయాయని, సరిపోనివి సరిపోలేదని రాయాలి. ఇంటికొచ్చి చెప్తే అత్తయ్య, "మళ్ళా పోసి మళ్ళా పగలగొడతావా?" అని ఒక్క మాటే అంది. మావయ్య మాత్రం కోయంబత్తూరు ఫైలు కట్టి, పైన 'రాజీ' అని రాసి అటకెక్కించారు. ఆయన లెక్కలో కేసు గెలిచాం.

అయిపోయిందనుకున్నా. అయిపోలేదు. మొన్న ఆ కోయంబత్తూరు కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. ప్రొఫెసర్ గారు నా గురించి అక్కడందరికీ చెప్పారట. నిజం చెబుదామని ఆయనకి రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ, "నీ వినయం నాకు తెలుసమ్మా," అని పెట్టేశాడు. వచ్చే నెల రీసెర్చ్ స్కాలర్లకి నా ప్రసంగం. టాపిక్ వాళ్ళే ఖాయం చేశారు: 'పరిశోధనా పత్రాన్ని లోతుగా చదవడం ఎలా?' రానుపోను ట్రైన్ టికెట్లు కూడా పంపేశారు.

అందుకే పదిరోజులుగా ఆ పేపర్ ముందేసుకుని కూర్చున్నా. చదివేటప్పుడు ఏదీ వదలకూడదని ఒట్టు పెట్టుకున్నా. ఇప్పటికి రెండో పేజీలో ఉన్నాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.